మూడు గోడల దర్బారులో బడి

బడి అంటే నాలుగు గోడలుండాలని ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న టీచర్లు అనుకుంటారు. అనుకోవాలి కూడా. నేను మాత్రం ఏడాదికి పైగా మూడు గోడల బడిలో పాఠాలు చెప్పాను. నాలుగో గోడ ఉండాల్సిన వైపు కెమెరా పెట్టుకునేవారట, అందుకని అటు కట్టలేదు. అది ఒక జానపద సినిమా కోసం వేసిన రాజదర్బారు.

ఈ సంగతి ఎక్కడ మొదలుపెట్టినా వినేవాళ్లు పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వు చూశాక మిగతాది చెప్పబుద్ధి కాక నేను సగంలో ఆపేస్తాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అలాగే ఆపేశాను. ఇప్పుడు కాళ్లు నొప్పులు, కళ్లకు మసక, చెప్పుకోవడానికి వేరే పనీ లేదు. ఈసారి చివరిదాకా రాస్తాను.

డెబ్బైల చివరి సంవత్సరాల మాట. మాది రాజోలు దగ్గర ఒక పల్లె. మా తాతగారు కూలికి వెళ్లిన చేలగట్ల మీదుగానే మా నాన్నగారు మిషను బడికి నడిచి వెళ్లి, చదువుకుని, టీచరయ్యారు. ఆయన్ని చూసి నేనూ ట్రైనింగు చేశాను. మొదటి పోస్టింగు కొత్తపేట అవతల, గోదావరి పాయల మధ్య ఒక లంక ఊళ్లో వచ్చింది. బస్సు దిగి, ఏటిగట్టు మీద నడిచి, పడవలో రేవు దాటితే ఊరు. పంచాయతీ సమితి వారి ఎలిమెంటరీ స్కూలు. హెడ్మాస్టరుగారొకరు, నేనొకదాన్ని.

హెడ్మాస్టరుగారిది వేదం చదువుకున్న ఇల్లు. రిటైరయ్యే వయసుకు దగ్గరపడ్డారు. ఎవరి మనసూ నొప్పించి ఎరగరు. పిల్లవాడు ఎక్కం తప్పు చెబితే "తప్పు" అనేవారు కాదు, "ఇంకోలా చెప్పి చూడు బాబూ" అనేవారు. నేను చేరిన కొత్తలో నాకు అది ఎంతో నచ్చింది.

నేను వెళ్లడానికి ముందే మద్రాసు నుంచి సినిమా కంపెనీ వచ్చి, ఊరి చివర ఇసుక మేట వేసిన బీట్లో సెట్టు వేసిందట. రాజదర్బారు, దాని పక్కన మాంత్రికుడి గుహ, ముందు ఆకాశంలోకి ఎగరబోతున్నట్టు కాళ్లెత్తిన రెక్కల గుర్రం. ఆ బీడు ఒక కొబ్బరితోట ఆసామిది. షూటింగులో ఆయనకి తలపాగా చుట్టి సభికుల వరసలో నిలబెట్టారు. ఆ ఒక్క రోజుతో ఆయన సినిమా మనిషైపోయారు. కంపెనీవాళ్లు వెళ్లేటప్పుడు, ఇంకా రెండు పాటలు తియ్యాలి, వానలు తగ్గాక వస్తాం, కాస్త చూస్తూ ఉండండి అని చెప్పి వెళ్లారు. మళ్లీ రాలేదు. డబ్బు పెట్టినాయన చేతులెత్తేశాడని కొందరు, హీరోగారికి కాలు విరిగిందని కొందరు చెప్పుకున్నారు. ఆసామిగారు అవేవీ నమ్మలేదు. చూస్తూ ఉండమన్నారు కాబట్టి చూస్తూనే ఉన్నారు. బీటలు పడితే సున్నం మెత్తేవారు, రంగు వెలిస్తే రంగు వేయించేవారు, మేకలు అటు పోకుండా కంప కట్టించారు.

ఆదివారాలు అమలాపురం నుంచి, కొత్తపేట నుంచి సంసారాలు క్యారేజీలు కట్టుకుని పడవెక్కి చూడడానికి వచ్చేవి. ఆసామిగారు ఉతికిన పంచె కట్టుకుని దగ్గరుండి తిప్పేవారు. "ఇదిగోండి, ఇక్కడే రాజుగారు కత్తి దూసేరండి. నేను ఆ పక్కన నించున్నానండి. గుర్రం ఎక్కకండమ్మా, లోపలంతా గడ్డేనండీ" అనేవారు. నేనూ చేరిన కొత్తలో అలా వెళ్లి చూసినదాన్నే. దూరం నుంచి రాతికోటలా ఉంది. దగ్గరికి వెళితే వెదురు తడికలు, వాటి మీద గోనెపట్టా, దాని మీద ప్లాస్టరు పూత. పైకప్పు లేదు. దీపాలు పైనుంచి వేస్తారు కాబట్టి సినిమా దర్బార్లకి కప్పు ఉండదట.

ఆ ఏడే గాలివానకి మా బడి పాక లేచిపోయింది. కొన్నాళ్లు కొబ్బరితోటలో కూర్చున్నాం. పిల్లల మీద ఎప్పుడు బొండం పడుతుందోనని నాకు పాఠం మీద ధ్యాస ఉండేది కాదు. అప్పుడు ఆసామిగారే వచ్చి, "దర్బారు ఖాళీగానే ఉంది గదండీ మాస్టారూ, కంపెనీవాళ్లొచ్చేదాకా వాడుకోండి" అన్నారు. ఊరివాళ్లు కొబ్బరాకు అల్లి పైన కప్పు వేశారు. చిన్న తరగతులు దర్బారులో, పెద్ద తరగతులు గుహలో. గుహ గోడలకి నల్లరంగు వేసి ఉంది కాబట్టి నల్లబల్ల కొరత కూడా తీరింది. సింహాసనం ఒకటి మిగిలింది. దాని మీద కూర్చోవడానికి హెడ్మాస్టరుగారికి మొహమాటం, ఆయన ముందు కూర్చోవడానికి నాకు మొహమాటం. చాక్‌పీసుల డబ్బా దాని మీద పెట్టేవాళ్లం.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తండ్రి కొబ్బరిచెట్లెక్కి దింపులు తీసే మనిషి. ఆ పిల్ల చదువులో గొప్పదేమీ కాదు. ఎక్కాలు ఏడు దగ్గర ఆగిపోయేవి. కానీ జ్వరం వచ్చినా బడి మానేది కాదు, ఒళ్లు కాలిపోతున్నా వచ్చి నా బల్ల పక్కన పడుకునేది. ఒకసారి తండ్రి నాతో అన్నాడు:

"ఊళ్లో బడుంది కాబట్టి పంపుతున్నానండీ టీచరుగారూ. రేవు దాటించి పంపమంటే నా వల్ల కాదండీ. వరదలప్పుడు ఆ పాయ ఎలాగుంటాదో తవరు చూళ్లేదండీ. మగపిల్లలైతే ఈదుకొస్తారు. దీన్నెక్కడ పంపనండీ."

ఊళ్లో ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. అందుకే, సరైన వసతి లేని బడుల్ని దగ్గర్లో ఉన్న బడిలో కలిపేస్తారని కబురు వచ్చినప్పుడు ఊరంతా హడలిపోయింది. మాకు దగ్గర బడి అంటే పాయ అవతలిది. కలిపేస్తే మా ఊరి ఆడపిల్లల చదువు అక్కడితో సరి. మరోవైపు సమితి ఆఫీసులో కొత్త భవనాలు ఇవ్వాల్సిన ఊళ్ల వరసలో మా ఊరు కూడా ఉంది, వంతు దగ్గరపడింది. భవనం ముందొస్తుందో, బడి ముందు పోతుందో తెలియని పరిస్థితి. ఈలోగా స్కూళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తున్నారన్నారు.

ఇక చూడాలి హడావిడి. ఆసామిగారు గోడలన్నింటికీ కొత్తగా సున్నం కొట్టించారు, స్తంభాలకి బంగారు రంగు పూయించారు. ఆడవాళ్లు నేల అలికి ముగ్గులు పెట్టారు. నాకు భయం వేసి హెడ్మాస్టరుగారితో అన్నాను:

"మాస్టారూ, ఇది గోనెపట్టా కోట అని ఆయనకి మనమే చెప్పేద్దామండీ. పాక పోయింది, భవనం త్వరగా ఇప్పించండి అని అడుగుదామండీ."

"ఆయనకి కళ్లున్నాయి గదమ్మా, ఆయనే చూస్తారు. ఊరివాళ్లు ఇంత ముచ్చటగా ముస్తాబు చేసుకుంటే, ఇదంతా ఉత్తిదండీ అని మనం అనడం ఏం బావుంటుంది?" అన్నారాయన.

ఇన్‌స్పెక్టరుగారు గొడుగు వేసుకుని పడవ దిగారు. సన్నగా, పొడుగ్గా, మెత్తగా మాట్లాడే మనిషి. ఆయనకీ రిటైర్మెంటు దగ్గర్లోనే ఉంది. దర్బారు ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చూశారు. తర్వాత లోపలికి వచ్చి పిల్లల్ని ప్రశ్నలు అడిగారు. దింపులాయన కూతుర్ని గోదావరి ఎక్కడుందమ్మా అని అడిగితే "మా ఇంటెనకాలండి" అంది. ఆయన నవ్వి, నవ్వుతూనే పక్కనున్న స్తంభానికి చేరగిలబడ్డారు. మోచెయ్యి స్తంభంలోకి దిగిపోయింది.

ప్లాస్టరు పెచ్చు ఒకటి ఊడి నేల మీద పడింది. లోపల గోనెపట్టా కనబడుతోంది. ఇన్‌స్పెక్టరుగారు మోచెయ్యి వంక చూసుకున్నారు, స్తంభం వంక చూశారు, హెడ్మాస్టరుగారి వంక చూశారు. హెడ్మాస్టరుగారు తలతిప్పి కొబ్బరిచెట్ల వంక చూస్తున్నారు. పిల్లలు గుడ్లప్పగించి కూర్చున్నారు. చివరికి ఆసామిగారే నోరు విప్పారు.

"నిన్ననే సున్నం వేయించేమండీ. తడారలేదండీ."

"ఆయ్, తడేనండీ, తడే" అని ఇన్‌స్పెక్టరుగారు జేబురుమాలు తీసి కోటు చెయ్యి తుడుచుకున్నారు. ఆ తర్వాత మళ్లీ దేన్నీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే మమ్మల్ని ఇబ్బంది పెట్టినట్టవుతుందని జాగ్రత్తపడ్డారు. ఒక పిల్లవాడు కిసుక్కుమంటే నేను గుడ్లురిమి చూశాను.

వెళ్లేముందు మమ్మల్నిద్దర్నీ పక్కకి పిలిచారు. "బడి ఉండాలని ఊరంతా ఇంత ఆరాటపడుతుంటే, వసతి లేదని రాసి మూయించడానికి నాకు చెయ్యి రాదండీ" అన్నారు.

"అయ్యా, అసలు ఇది..." అని నేను మొదలుపెట్టాను. హెడ్మాస్టరుగారు దగ్గారు.

"నేను చూసేనమ్మా. నాకు తెలుసు. రాయాల్సింది నేను రాస్తాను, మీరు బెంగ పెట్టుకోకండి" అని పడవెక్కారు.

మాట నిలబెట్టుకున్నారు. బడి కలపక్కర్లేదని ఆర్డరు వచ్చింది. హెడ్మాస్టరుగారు పిల్లలందరికీ బెల్లం ముక్కలు పంచారు. దింపులాయన ఒక గెల బొండాలు తెచ్చి దర్బారు గుమ్మంలో పెట్టి వెళ్లాడు. ఆ వారమంతా ఊళ్లో పెళ్లివారి కళ. నాకూ సంతోషంగానే ఉంది, లేదని ఎందుకు చెప్పాలి.

కొన్ని నెలల తర్వాత భవనం సంగతి కనుక్కుందామని హెడ్మాస్టరుగారు సమితి ఆఫీసుకి వెళ్లారు. మా వంతుకి రావాల్సిన భవనం వేరే ఊరికి వెళ్లిపోయిందని చెప్పారు. ఇదేమిటండీ అంటే, మీ బడి విశాలమైన పక్కా భవనంలో నడుస్తోందని ఇన్‌స్పెక్టరుగారే రాశారు కదా, మీకు మళ్లీ భవనమెందుకు అన్నారట. బడి మూతపడకుండా ఆయన రాసిన మాటే మా భవనాన్ని మింగేసింది. ఆయన మంచికే రాశారు. భవనాల వరస గురించి అప్పుడు ఆయనకి గుర్తు లేదు, గుర్తు చేసే నోరు మాకు లేదు.

ఆ పైన వానాకాలం వచ్చింది. ప్లాస్టరు ఉబ్బి, పెచ్చులుపెచ్చులుగా రాలి, స్తంభాలు చీరలు జారిపోయిన బొమ్మల్లా అయ్యాయి. ఆసామిగారు వానలో గోనెసంచి నెత్తిన వేసుకుని సున్నం ముద్దలు మెత్తుతూనే ఉన్నారు. పొద్దున మెత్తింది సాయంత్రానికి కారిపోయేది. ఒక ఆదివారం గాలి కూడా తోడైంది. బడి లేని రోజు కావడం మా అదృష్టం. దర్బారు వెల్లకిలా పడిపోయింది. గుర్రం ముందే కూలిపోయింది. ఆసామిగారు ఆ బురదలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "రేప్పొద్దున కంపెనీవాళ్లొస్తే నేనేం జవాబు చెప్పాలండీ టీచరమ్మగారూ" అన్నారు. ఇక ఎవరూ రారని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బడి పడిపోయింది, భవనం ఇప్పించండి అని అర్జీ పెట్టాలి. ఇంతకంటే తేలికైన పని లేదనుకున్నాను. కానీ ఆఫీసులో హెడ్మాస్టరుగారికి తెలిసిన గుమాస్తా ఒకాయన ఆపాడు. పక్కా భవనం ఏడాది తిరక్కుండా ఎలా పడిందని విచారణ వేస్తారు, అబద్ధం రాసినందుకు ఇన్‌స్పెక్టరుగారి మెడకి చుట్టుకుంటుంది, రిటైరయ్యే ముందు పింఛను ఆపేస్తారు అని చెప్పాడు.

ఊరంతా ఆసామిగారి చావిట్లో కూర్చున్నారు. హెడ్మాస్టరుగారు సంగతంతా చెప్పి, "మనకోసం ఆయన అబద్ధం రాసేరు. దాన్ని మనమే పట్టిచ్చేద్దామా?" అని అడిగారు.

దింపులాయన లేచి నిలబడ్డాడు. అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేవాడు అతనే.

"ఆయన కడుపు కొట్టి మనం బడి కట్టుకోడం ఏం బావుంటాదండీ. వద్దండీ" అన్నాడు.

"ఆయ్, అంతేనండీ" అన్నారు అందరూ.

నాకు ఒళ్లు మండింది. "పోనీ ఆయన్నే అడిగి చూద్దామండీ. ఏం చెయ్యమంటారో ఆయన్నే చెప్పమందామండీ" అన్నాను.

"అడిగితే ఆయన కాదనలేరమ్మా. కాదనలేని మనిషిని అడక్కూడదు" అన్నారు హెడ్మాస్టరుగారు.

దానికి అందరూ తలలూపారు. నేను వేరే ఊరి నుంచి వచ్చిన చిన్నపిల్లని, నా మాట ఎవరు వింటారు? ఆ చావిట్లో ఉన్నవాళ్లందరూ మంచివాళ్లే. ఒక్క చెడ్డవాడున్నా ఆ రోజు దెబ్బలాట జరిగి బడి వచ్చి ఉండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

సెట్టు శకలాల్లోంచి తడికలు, చెక్కలు ఏరి మేమే ఒక పాక వేసుకున్నాం. చినుకు పడితే కారేది. వాన పట్టుకుంటే బడి లేదని పిల్లల్ని పంపేసేవాళ్లం. లంకలో వాన పట్టుకుంటే మీకు తెలుసు కదా, ఎప్పుడు వదులుతుందో చెప్పలేం. మగపిల్లలు కొందరు రేవు దాటి అవతలి బడికి వెళ్లిపోయారు. ఆడపిల్లలు ఇళ్లలో ఉండిపోయారు. కాగితాల్లో మాది పక్కా భవనమే కాబట్టి, భవనాన్ని పరిశుభ్రంగా ఉంచవలెనని మాత్రం ఆఫీసు నుంచి ఠంచనుగా ఆర్డరు వచ్చేది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత చదవకుండానే మడిచి పెట్టేసేదాన్ని.

రెండో వానాకాలంలో దింపులాయన కూతురు కూడా రావడం మానేసింది. వాళ్లింటికి వెళ్లి అడిగాను. "వానలు తగ్గేక పంపుతానండీ టీచరుగారూ, తవరు శ్రమపడొచ్చేరు" అని అతను పీట వేసి, మజ్జిగ ఇప్పించాడు. వానలు తగ్గాక మళ్లీ వెళ్లాను. ఈసారి గేదె ఈనిందన్నాడు. పిల్ల గుమ్మం వెనక నిలబడి చూస్తోంది. అంత మర్యాదగా చెప్పే మనిషితో ఎలా పోట్లాడాలో నాకు తెలియలేదు.

హెడ్మాస్టరుగారు రిటైరై కపిలేశ్వరపురంలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. నేనే ఇన్‌ఛార్జిని. కొత్త భవనాల వరసలో మళ్లీ చివరి నుంచి మొదలయ్యాం. పాఠం చెప్పాలన్న ఉత్సాహం ఎప్పుడు పోయిందో సరిగ్గా చెప్పలేను. జీతం కోసం బడికి వెళుతున్నానని ఒకరోజు తెలిసింది. తెలిశాక కూడా వెళ్లాను.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం రేవులో ఇన్‌స్పెక్టరుగారు దిగారు. ఆయనా రిటైరయ్యారు. వెంట భార్య, మనవలు. మనవలకి సినిమా కోట చూపిద్దామని అమలాపురం నుంచి తీసుకొచ్చారట. నేను ఏటిగట్టు మీద ఎదురై ఆయన్ని గుర్తుపట్టాను. వద్దనలేక వెంట నడిచాను. బీట్లో గుంజలు నాలుగు, గుర్రం కాలొకటి మిగిలాయి. ఎదురొచ్చిన ఆసామిగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"కోటేదండీ?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"వానలకి పోయిందండీ" అన్నారు ఆసామిగారు.

"మరి బడి?"

అవతల కనబడుతున్న పాక వంక ఆయనే చూశారు. చూపు అక్కడే నిలిచిపోయింది. "అదా? భవనం ఇవ్వలేదా మీకు?"

ఆసామిగారు నా వంక బతిమాలుతున్నట్టు చూశారు. ఈసారి నేను ఆగలేదు. ఆయన రాసిన మాట, పోయిన భవనం, గుమాస్తా చెప్పిన విచారణ, చావిట్లో జరిగిన మీటింగు, అంతా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఆయన గొడుగు కర్రని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు.

"ఎంత పని చేసేరండీ" అన్నారు చివరికి. "నాకు నాలుగు చీవాట్లు పెట్టి వదిలేసేవారండీ. గోడ చూళ్లేదు, పొరపాటైందని నేనే వెళ్లి ఒప్పుకునేవాణ్ణి. నన్నొక్క మాట అడిగుంటే... ఎందుకడగలేదండీ?"

ఏం చెప్పను? మీరు కాదనలేరని అడగలేదండీ అని చెప్పనా? నాకు ఆ క్షణాన మా మంచితనం మీద, మా ఊరి మర్యాద మీద, నా మీద కూడా అసహ్యం వేసింది. ఇప్పటికీ అది పోలేదు.

ఈలోగా ఆసామిగారు కబురు చేసినట్టున్నారు, దింపులాయన బొండాలు దింపి తీసుకొచ్చాడు. కూతురు వెంట ఉంది. ఓణీ వేసుకునే ఈడు వచ్చింది. అతను కొట్టి ఇస్తుంటే ఆ పిల్ల ఒక్కొక్కరికే అందిస్తోంది. ఇన్‌స్పెక్టరుగారు ఆ పిల్లని పోల్చుకున్నారు.

"గోదావరి మా ఇంటి వెనకాలే అన్నావు, నువ్వే కదమ్మా? ఏం చదువుతున్నావిప్పుడు?"

"మానేసేనండీ" అంది.

ఆయన చేతిలో బొండం అలాగే ఉంది. నా వంక చూశారు, తర్వాత తండ్రి వంక తిరిగారు. "నా మూలంగానే కదయ్యా?" అన్నారు.

"అబ్బెబ్బే, అదేం మాటండీ!" దింపులాయన కత్తి పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు. "తవరేం చేసేరండీ. దానికే చదువు మీద మనసు లేదండీ. చిన్నప్పట్నించీ అంతేనండీ. కావాలంటే దాన్నే అడగండి."

ఇన్‌స్పెక్టరుగారు ఆ పిల్లని అడిగారు. నిజమేనా అమ్మా అన్నారు. ఒళ్లు కాలిపోతున్నా వచ్చి నా బల్ల పక్కన పడుకున్న పిల్ల అది. తండ్రి జోడించిన చేతుల వంక ఒకసారి చూసింది, ఆ పెద్దాయన మొహం వంక ఒకసారి చూసింది. తలొంచుకుంది.

"ఆయ్, నిజవేనండీ" అంది.